ఎడమ పేజీలో దుప్పి పిల్ల

నా డైరీలో ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ అనుకున్నదానికి. బొగ్గుగనిలో షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మ్యాన్‌గా చేరిన కొత్తలో నా పైఅధికారి నేర్పిన పద్ధతి ఇది. షిఫ్టు ముగిసే ముందు పైకప్పు ఎలా ఉందో, గాలి ఎలా ఆడుతోందో రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. "పైకప్పు బాగుంది" అని రాస్తే ఆయన, "కర్రతో కొట్టి చూసినవా, బాగుందని అనుకున్నవా?" అని అడిగేవాడు. కొట్టకుండా రాశానని తేలితే మళ్లీ గని దిగాల్సిందే. ఉద్యోగం అయిపోయింది కానీ అలవాటు పోలేదు. ట్రంకు పెట్టెల నిండా డైరీలున్నాయి. "పైన దేవుడు కూడ మన గురించి నీ అంత రాసుకోడు" అంటుంది నా భార్య, ప్రతి ఆదివారం చర్చికి బయలుదేరే ముందు నేను టైము రాసుకుంటుంటే.

రిటైరయ్యాక ఖానాపురం హవేలి అనే ఊళ్లోని ఇల్లు కిరాయికిచ్చి, భద్రాచలం వైపు అడవి అంచున ఎకరంన్నర మామిడి తోటలోకి వచ్చాం. తోట కంచె దాటితే ఇప్పచెట్లు. పూలు రాలే కాలానికి ముందు, పక్క గూడెం ఆడవాళ్లు ఎవరి చెట్టు కింద వాళ్లు ఎండుటాకులు ఊడ్చి కాలుస్తారు. అలా చేస్తే రాలిన పూలు నల్లటి నేల మీద తెల్లగా కనబడతాయి. ఆ మంటలు పెట్టొద్దని ఫారెస్టువాళ్లు ఏటా చెబుతారు. ఆకుల్లో పూలు ఏరడం మీకు తెలుసా అని వీళ్లు ఏటా అడుగుతారు.

పోయిన ఏడాది మార్చిలో ఒక ఉదయం ఏడు దాటాక, ఆ గూడెం నుంచి మా కంచె పక్క చెట్టుకు వచ్చే ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఈడు మనిషే. చేతుల్లో తువ్వాలలో చుట్టిన చుక్కల దుప్పి పిల్ల. ఆమె చీర అంచు కాలి ఉంది.

"అమ్మా, పాలున్నయా? ఆకులల్ల పండుకున్నదే తల్లీ. మంట కాడికొచ్చినా లేవలే. నేనే గుంజుకొచ్చిన. దీని తల్లి చచ్చిపోయింది, పాపం."

నా భార్య అప్పటికే గిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను డైరీ తీశాను.

"పిల్ల పాణం పోతుంటే పుస్తకం పట్టుకున్నవా?" అంది నా భార్య.

నేను ఆ వచ్చినామెనే అడిగాను. "తల్లి చచ్చింది చూసినవా?"

"లే సారూ. ఉంటే రాదా మరి, పిల్ల కాలుతుంటే?"

"చూసినవా, అనుకున్నవా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అనుకున్న" అంది.

తల్లి చావు కుడి పేజీలోకి వెళ్లింది. ఎడమ పేజీలో నేను చూసింది రాశాను. కళ్లు మెరుస్తున్నాయి. ఒళ్లు శుభ్రంగా ఉంది, ఈగలు లేవు. కడుపు లోపలికి పోలేదు. వెనక కుడికాలి మీద వెంట్రుకలు మాడాయి, చర్మం చిట్లలేదు. కింద దింపితే నిలబడింది. ఆకలితో ఉన్న పిల్ల అరుస్తుంది, ఇది అరవలేదు. అంటే తెల్లవారుజామున ఎవరో దీనికి పాలిచ్చారు. ఆ చివరి మాట కుడి పేజీదే. కానీ గట్టి మాట.

నా భార్య పాలు సీసాలో పోసి ముందుకు వచ్చింది. నేనేమీ అనకుండా ట్రంకు పెట్టె వైపు చూశాను. ఆమె కూడా చూసింది. సీసా దించేసింది.

ఆ పెట్టెలో ఏముందో మా ఇద్దరికే తెలుసు. గని క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, డ్యూటీ నుంచి వస్తూ పొదలో ఒంటరిగా పడుకున్న దుప్పి పిల్లను నేనే ఇంటికి తెచ్చాను. "తల్లి లేని పిల్ల దొరికింది" అని డైరీలో ఎడమ పేజీలో రాశాను. బర్రె పాలు పట్టాం. మెడకు ఎర్ర రిబ్బను కట్టాం. కాలనీ అంతా వచ్చి ముట్టుకుని పోయింది. నాలుగో రోజు విరేచనాలు పట్టాయి. ఐదో రోజు పొద్దున అది లేవలేదు. నా భార్య వారం రోజులు సరిగా తినలేదు. దుప్పి తల్లి పిల్లను దాచి మేతకు పోతుందని, మనుషులున్నంతసేపు దగ్గరకు రాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు నేను కర్రతో కొట్టకుండానే పైకప్పు బాగుందని రాసినట్టే.

"ఫారెస్టోళ్లకు ఫోన్ చేద్దాం" అన్నాను.

వచ్చినామె ముఖం వాడిపోయింది. "అమ్మో! మంట పెట్టినందుకు నా మీద కేసు రాస్తరు. వద్దు సారూ, నీ కాల్మొక్త."

"మంట ఎవరు పెట్టిండ్రో నేను చూడలే. ఎడమ పేజీల రాదు. నువ్వు పిల్లను ఎత్తుకొచ్చింది చూసిన. అది రాసిన."

"ఈయన పుస్తకం గురించి భయపడకు చెల్లె," అంది నా భార్య, "అది మా ఇంట్లనే ఎవరూ చదవరు."

ఫోన్ చేశాను. ఎత్తింది ఫారెస్టు బీట్ ఆఫీసర్, ఆడమనిషి. తను వచ్చేదాకా ఏం చేయాలో ఫోన్‌లో చెప్పింది. పిల్లను మామిడికాయల గంపలో పెట్టి, కళ్ల మీద పలుచటి గుడ్డ కప్పి, చీకటి గదిలో ఉంచాం. పాలు లేవు, నీళ్లు లేవు, నిమరడం లేదు. మా కుక్కను తోట అవతల కట్టేశాను. నా భార్య ప్రార్థన కూడా పెదవులు కదపకుండా చేసింది. అది నేను నా కళ్లతో చూశాను.

గంటలో బండి మీద వచ్చింది ఆఫీసర్, మా చిన్నమ్మాయి వయసుది. కాలు పరీక్షించి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. పైపైన మాడిందే, మందు అవసరం లేదన్నారట. ఇప్పచెట్టు ఆమె కాలిన చీర అంచు వైపు చూసి, "మంట ఎవరు పెట్టిండ్రు?" అంది.

నేను డైరీ ముందుకు జరిపాను. ఆమె ఎడమ పేజీ చదివి, నవ్వు ఆపుకుని, "ఎవరు పెట్టినా వచ్చే ఏడు పెట్టొద్దని చెప్పుండ్రి, పెద్దాయనా. ఊడ్చి పక్కకు కుప్ప వేస్తే చాలు" అంది.

"మనిషి వాసన తగిలినంక తల్లి ముట్టదు కద మేడం?" అంది ఇప్పచెట్టు ఆమె, గొంతు తగ్గించి.

"గట్ల ఏం లేదమ్మా. వాసనకు కాదు, మనిషి నిలబడితే రాదు. పొద్దుగూకేదాకా చూద్దాం. రేపు పొద్దున దాకా రాకుంటే నేనే తీసుకపోత."

పిల్ల దొరికిన చోటికి యాభై అడుగుల్లో, కాలని పొద కింద దించి వచ్చేశాం. కంచె ఇవతల మామిడి చెట్టు చాటున కూర్చుని తల్లి వస్తుందేమో కనిపెట్టి చూడాలి. నేనూ కూర్చున్నాను. పది నిమిషాలకే దగ్గు. ముప్పై ఏళ్ల బొగ్గు దుమ్ము చెప్పి రాదు. రెండోసారి దగ్గగానే ఆఫీసర్ చేతులు జోడించింది. "పెద్దాయనా, మీరు ఇంట్లకు పోండ్రి."

ఆఫీసర్ తన బీటు తిరగడానికి వెళ్లింది. కాపలా నా భార్యకూ, ఇప్పచెట్టు ఆమెకూ మిగిలింది. నేను తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాను. మధ్యాహ్నానికి కుడి పేజీ నిండిపోయింది. మంటకు భయపడి తల్లి దూరం పోయి ఉంటుంది. కుక్కలు తరిమి ఉంటాయి. నేను ఆపింది తప్పయి ఉంటుంది, పాలు పట్టాల్సింది. ఎడమ పేజీలో ఒక్క అక్షరం లేదు. అన్నం వండుకుని ఇద్దరికీ డబ్బా పెట్టాను, కంచె దగ్గరకు పోకుండా గట్టు మీద ఉంచి వచ్చాను.

పొద్దు వాలుతుండగా నా భార్య చెప్పుల్లేకుండా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. వెనకనే రెండో ఆమె.

"రాయి" అంది నా భార్య.

"ఏందో చెప్పు."

"వచ్చింది. రాయి జల్దీ."

కలం ఎత్తాను, ఆగాను. "నేను చూడలే కద. ఎడమ పేజీల ఎట్ల రాస్త?"

"నీ అసొంటి మనిషిని నేను యాడ చూడలే!" అంది ఇప్పచెట్టు ఆమె. నా భార్య మాత్రం నవ్వింది. కలం కోసం చేయి చాపింది.

నా డైరీలో మరొకరి చేయి పడడం అదే మొదలు. ఎడమ పేజీలోనే, ఆమె నిలబడే రాసింది. "ఐదు నలభై. తల్లి వచ్చింది. నిలబడి కాలితో నేల కొట్టింది. పిల్ల లేచింది. కాలిన కాడ తల్లి నాకింది. పిల్ల పాలు తాగింది. రెండూ లోపలికి పోయినయి. ఇద్దరం చూసినం." కింద సంతకం పెట్టింది. రెండో ఆమె కలం తీసుకుని, "నాకూ వస్తది" అంటూ పేజీ అడుగున పెద్ద అక్షరాలతో తన సంతకం చేసింది. ఆ సంతకం కుడి పేజీలోకి కొంచెం జరిగింది. సర్దమని నేను అనలేదు.

మర్నాడు పాత డైరీ తీశాను. "తల్లి లేని" అన్న మాటల్ని ఎడమ పేజీలో కొట్టేసి, కుడి పేజీలో రాసి, పక్కన సంతకం పెట్టి, దిద్దిన రోజు తేదీ వేశాను.

ఈ ఏడాది ఆ ఇప్పచెట్టు కింద ఆకులు పక్కకు కుప్ప పోసి ఉన్నాయి. చూసే రాస్తున్నాను. మా తోటకు ఎవరు వచ్చినా మామిడికాయల కంటే ముందు ఆ పేజీ చూపిస్తాను. ఈ దస్తూరీ మీది కాదే అని వాళ్లు అడిగేదాకా ఆగి, వంటింటి వైపు చూపిస్తాను.