అలిసిపోయి దిగాలన్న మా అక్కయ్య

కామేశ్వరి అక్కయ్య వెళ్ళిపోయారు. తూర్పు గిప్స్‌లాండ్‌లో, రెండు పక్కలా యూకలిప్టస్ చెట్లున్న ఒక రహదారి మీద, పట్టపగలు, మా అందరి మధ్యనుంచి, సైకిలు మీద నుంచి ఒరిగి వెళ్ళిపోయారు. అంతకు కాసేపటి ముందే బేకరీలో నా పక్కన కూర్చుని, నా ప్లేటులోని కేకు సగం కోసుకు తిన్న మనిషి. ఆమె వెనకే వస్తున్న సైకిలు నాది. కళ్ళారా చూశాను. చూసిన కళ్ళు నావే అయినా వాటి సాక్ష్యాన్ని నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

మెల్‌బోర్న్ తెలుగువారిలో ఆమెను ఎరగనివారు తక్కువ. ఎరగనివారి కోసం చెబుతున్నాను. ఆమె మావారి అన్నగారు సూర్యనారాయణ బావగారి భార్య, నాకు తోడికోడలు. అమలాపురంలో పుట్టి, కాకినాడలో ఇంజనీరింగు చదివి, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి, వంతెనల రూపకల్పనలో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకున్న విదుషీమణి. విశ్రాంతి అన్నది ఆఫీసు వాళ్ళు వాడిన మాట. ఆమెకు ఆ పదంతో పరిచయం లేదు. పొట్టి మనిషి, గట్టి గొంతు, నుదుట నిండైన కుంకుమ. వంటింట్లోనైనా, సభలోనైనా, చెప్పవలసిన మాటను ఒక్కసారే చెప్పేవారు. రెండోసారి అడిగితే, "మొదటిసారి ఎక్కడికెళ్ళావ్?" అనేవారు. మేము క్లైడ్ నార్త్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు వచ్చి, గోడలన్నీ వేళ్ళతో తట్టి చూసి, "బాగానే ఉంది, ఉండండి" అన్నారు. మా గృహప్రవేశానికి అందిన ఆశీర్వచనాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

యాభై దాటాక, మోకాళ్ళ నొప్పులకు మంచిదని డాక్టరు చెబితే, ఆమె మొట్టమొదటిసారి సైకిలు ముట్టుకున్నారు. కేరమ్ డౌన్స్ గుడి ముందున్న కారు పార్కింగులో, జనం లేని ఉదయాల్లో సాధన. ఒకరోజు నేరుగా పోయి కంచె మొక్కల్లో పడ్డారు. అభిషేకానికి పాలు తీసుకెళుతున్న అర్చకులవారు బిందె కింద పెట్టి పరుగెత్తుకొచ్చారు. ఆకుల మధ్య నుంచి తల బయటపెట్టి అక్కయ్య, "కంగారుపడకండి స్వామీ, బ్రేకు ఎక్కడుందో ఇప్పుడే తెలిసింది" అన్నారట. ఈ కథను అర్చకులవారే ఎన్నోసార్లు చెప్పారు, చెప్పిన ప్రతిసారీ నవ్వారు. అంత్యక్రియలనాడు కూడా చెప్పబోయి, సగంలో ఆపి, కండువాతో ముఖం కప్పుకున్నారు.

ఆ సైకిలే ఆమె జీవితపు ఉత్తరార్ధాన్ని మలుపు తిప్పింది. కార్చిచ్చులో ఇళ్ళు కోల్పోయినవారికి స్వచ్ఛందంగా ఇళ్ళు కట్టిపెట్టే ఒక సంస్థకు ఆమె ఇళ్ళ ప్లాన్లు సరిచూసి పెడుతూ ఉండేవారు. కాగితం మీద చూస్తే సరిపోదు, మేకు కొట్టాలి అనిపించింది. ఏటా చలి ముదరకముందు తెలుగువాళ్ళం కొందరం సైకిళ్ళ మీద రోజుల తరబడి ప్రయాణించి, కాలిపోయిన ఊరు చేరి, అక్కడ వారం పాటు ఇల్లు కట్టి రావాలని నిర్ణయించారు. మాలో చాలామందికి సుత్తి పట్టుకోవడం రాదు, కొందరికి సైకిలు కూడా రాదు. రెండూ ఆమె నేర్పారు.

మొదటిసారి ఈ ప్రతిపాదన విన్నప్పుడు బావగారు పడిపడి నవ్వారు. "కారులో పోతే మధ్యాహ్నం భోజనానికి చేరతాం కదే! ఈ తొక్కుడంతా ఎందుకు?"

"కారులో వెళ్తే ఉపకారం చెయ్యడానికొచ్చిన వాళ్ళలాగా దిగుతామండీ" అన్నారు అక్కయ్య. "సైకిలు మీద వెళ్తే అలిసిపోయి దిగుతాం. అలిసిపోయినవాళ్ళకి ఎవరైనా మంచినీళ్ళిస్తారు. పాపం వాళ్ళు ఎన్నాళ్ళని పుచ్చుకుంటూనే ఉంటారు? వాళ్ళకీ ఏదో ఒకటి ఇవ్వాలని ఉండదూ?"

బావగారు నవ్వు ఆపేశారు. సైకిలు మాత్రం ఎక్కలేదు. సామాను వ్యాన్ నడుపుతూ, దారిలో పులిహోర, కాఫీ అందిస్తూ, టైర్లకు గాలి కొడుతూ, ప్రతి యాత్రలోనూ ఆమె వెనకే వచ్చారు. ఇళ్ళ పని దగ్గర వ్యాన్ దిగేవారు కాదు. "ఆ సుత్తులూ అవీ నా వల్ల కాదు, నేను అకౌంటెంటుని" అని పేపరు చదువుకునేవారు.

దారిలో ఆమె చెప్పిన మాటలు మాకు పాఠాలు. ఎదురుగాలి వీస్తుంటే తిట్టుకునేవాళ్ళతో, "గాలితో వాదన పెట్టుకోకండి, గేరు మార్చుకోండి" అనేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఉండాలని ఆమె నియమం. మాట తడబడితే వేగం తగ్గించాలి. పని దగ్గర ఆమె మరో మనిషి. సిడ్నీలోని క్వేకర్స్ హిల్ నుంచి మాతో కలిసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వంశీ ఒకసారి మేకులు దూరదూరంగా కొట్టి, "పైన షీట్ వేసేస్తాం కదా ఆంటీ, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. "లోపల పడుకునేవాడికి తెలియకూడదనే మనం సరిగ్గా కొట్టాలి. పీకు" అన్నారు. పీకించారు. అతను మళ్ళీ కొడుతుంటే పక్కనే కూర్చుని నారింజకాయ వలిచి తొనలు అందించారు.

ఈ ఏడు మేము కట్టవలసిన ఇల్లు కాలిన్ అనే ముసలాయనది. పాడి రైతు, భార్య పోయినవాడు. ఇల్లు కాలిపోయినప్పటి నుంచి కారవాన్‌లో ఒంటరిగా ఉంటున్నాడు. సంస్థవాళ్ళు ఎన్నిసార్లు వెళ్ళినా గేటు తెరవలేదు, దయాధర్మాలు తనకు అక్కర్లేదన్నాడు. క్రితం వేసవిలో అక్కయ్య, నేను చివరి కొంత దూరం సైకిళ్ళ మీద ఆ గేటు దాకా వెళ్ళాం. ఆమె ఇంటి ఊసెత్తలేదు. "కాసిని మంచినీళ్ళిస్తారా?" అని అడిగారు. ఆయన కాసేపు మమ్మల్ని ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి కూజాతో వచ్చాడు. రెండో గ్లాసు తాగాక ఆమె, "మీ పాత ఇంట్లో పొయ్యి ఎటువైపు ఉండేది?" అని మాత్రం అడిగారు. ఆయన బూటు కొనతో మట్టిలో గీసి చూపించడం మొదలుపెట్టాడు. పొయ్యి, సింకు, కిటికీ, భార్య కుర్చీ. సాయంత్రానికి ఇల్లంతా నేల మీద ఉంది.

ఆ ఇంటికే బయల్దేరాం. మూడో రోజు ఉదయం ఆకాశం కడిగినట్టుంది. బేకరీ ముందు సైకిళ్ళు తీస్తుంటే బావగారు వ్యాన్ కిటికీలోంచి, "సన్‌స్క్రీన్ రాసుకున్నావా?" అని కేకేశారు.

"రాసుకున్నా. మీరు ఆ ఫ్లాస్కు మూత బిగించండి, క్రితంసారి సీటంతా కాఫీయే!"

నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్న దాంపత్యంలో ఆఖరి మాటలు అవి.

ఊరు దాటాక చిన్న ఎత్తు వచ్చింది. నియమం ప్రకారం ఆమె మాట్లాడుతున్నారు. "సుధా, ఎల్లుండికల్లా గోడలు లేపేస్తాం చూడు, ఆ కాలిన్ మొహం..." అన్నారు. వాక్యం పూర్తికాలేదు. సైకిలు నెమ్మదిగా ఎడమవైపు గడ్డిలోకి వెళ్ళింది. మా కోసం ఆగుతున్నారనుకున్నాను. ఆ తరువాత ఆమె పక్కకు ఒరిగారు, చేతులు అడ్డుపెట్టుకోకుండా.

మా బృందంలోని డాక్టర్ రఘు, వరంగల్ మనిషి, సైకిలు రోడ్డు మీదే పారేసి వచ్చి ఆమె ఛాతీ మీద చేతులానించి నొక్కడం మొదలుపెట్టాడు. "ఆంటీ, ఊపిరి తీస్కోండ్రి, ఆంటీ, నా మాటినండ్రి" అంటూనే ఉన్నాడు. నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఊరి పేరు అడిగితే ఫోను పక్కనున్నవారి చేతిలో పెట్టేశాను. ఎవరో లారీ డ్రైవరు తన లారీని రోడ్డుకు అడ్డంగా నిలిపి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు వెనక నుంచి వ్యాన్ వచ్చింది. పడి ఉన్న సైకిళ్ళు చూసి పంక్చరు అనుకున్నట్టున్నారు. బావగారు గాలిపంపు చేత్తో పట్టుకుని దిగారు.

"ఏ టైరు?" అని అడిగారు.



అంబులెన్సులో వచ్చినవాళ్ళు గుండె ఆగిపోయిందన్నారు. ఏ జబ్బూ లేని గుండె, మమ్మల్నందర్నీ కొండలెక్కించిన గుండె. ఆకస్మిక మరణం కనుక పరీక్షలు జరగాలని, దేహాన్ని ఇవ్వడానికి కొన్ని రోజులు పడుతుందని చెప్పి మెల్‌బోర్న్ తరలించారు. బావగారు ఆమె వెంట వెళ్ళారు. మేము ఆ ఊరి హాల్లో హెల్మెట్లు కూడా తీయకుండా కూర్చున్నాం. కబురు తెలిసి కాలిన్ వచ్చాడు. "ఇంటికి వెళ్ళండి. నేను కారవాన్‌లో ఉండగలను, నాకు అలవాటే" అన్నాడు. ఏం చేయమంటారని బావగారికి ఫోన్ చేశాను. అంతటి సౌమ్యుడు అరిచారు: "ఇల్లూ వద్దు, గిల్లూ వద్దు! అందరూ వచ్చెయ్యండమ్మా!" సైకిళ్ళు ఊరివాళ్ళ వ్యాన్లలోకి ఎత్తుకుని వచ్చేశాం. సంస్థవాళ్ళు ముందే తయారుచేసి పెట్టిన గోడల కర్ర చట్రాలు కాంక్రీటు పునాది మీద పడుకునే ఉండిపోయాయి.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ప్రణతి పెర్త్ నుంచి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. దిగీ దిగగానే నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "పిన్నీ, ఐ స్పోక్ టు హర్ ఆన్ సండే! షి వాజ్ ఫైన్! ఎవరి ఇల్లో కట్టడానికి ఎందుకు వెళ్ళింది? హూ ఈజ్ దిస్ కాలిన్?"

ఆ కాలిన్ అంత్యక్రియలకు వచ్చాడు. అంత దూరం ఒంటరిగా డ్రైవ్ చేసుకుంటూ, వదులైపోయిన పాత సూటులో వచ్చి, చివరి వరుసలో నిలబడ్డాడు. తానూ పువ్వులు వేయవచ్చా అని నన్ను గుసగుసగా అడిగాడు. బావగారు ఆయనను చూసి ముఖం తిప్పుకున్నారు. ప్రణతి మాత్రం ఎదురువెళ్ళి, "నీ ఇంటి కోసమేనా మా అమ్మ వచ్చింది?" అని ఇంగ్లీషులో అడిగింది. నిలదీసినట్టే అడిగింది.

"అవునమ్మా" అన్నాడాయన. "మీ అమ్మ నన్ను మంచినీళ్ళు అడిగింది. మంటల తరువాత అందరూ నాకు ఇస్తామని వచ్చినవాళ్ళే. నన్ను ఒకటి ఇమ్మని అడిగిన మనిషి ఆవిడే."

ప్రణతి చేతిలోని పూలబుట్టను ఆయన ముందు పట్టింది.

మొదటి మాసికం అయ్యాక ఆ పిల్ల పెర్త్ వెళ్ళలేదు. తండ్రి ముందు నిలబడి, "నాన్నా, వి ఆర్ గోయింగ్. నువ్వు వ్యాన్‌లోనే కూర్చో, ఫైన్. కానీ నువ్వు వస్తున్నావ్" అంది. ఆయన లేచి వ్యాన్ తాళాలు తీసుకున్నారు.

అక్కయ్య పడిపోయిన చోటే మేము మళ్ళీ సైకిళ్ళు ఎక్కాం. ఒక్కరూ మాట్లాడలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆమె నియమాన్ని అలా తప్పడం అదే మొదలు. మర్నాడు కాలిన్ స్థలంలో పనిలోకి దిగాం. వాన పడి వెలిసింది. వంటింటి వైపు గోడ చట్రం అన్నిటిలోకీ పెద్దది. పునాది పొడుగునా వరుసగా నిలబడి, రఘు లెక్క చెబుతుంటే పైకెత్తాం. సగం పైగా లేచింది. అప్పుడు ఒక చివర వంశీకి తడి కాంక్రీటు మీద కాలు జారింది. ఆ బరువంతా ఒక్కసారిగా మా మీదికి వాలింది. ప్రణతి నా పక్కనే ఉంది. "పిన్నీ!" అని అరిచింది.

వ్యాన్ తలుపు చప్పుడు వినిపించింది. పేపరు గాలికి ఎగిరిపోయింది. అరవై దాటిన బావగారు బురదలో పరుగెత్తుకొచ్చి, ఖాళీ అయిన చోట భుజం ఆనించారు. "వదలకండి! ఎవరూ వదలకండి!" అని అరుస్తూ తోశారు. గోడ నిటారుగా నిలిచింది. కాలిన్, రఘు పరుగున వచ్చి ఊతకర్రలు పెట్టి మేకులు కొట్టేశారు. మేమంతా చేతులు తీసేసి, రొప్పుతూ పక్కకు వచ్చాం.

బావగారు మాత్రం తీయలేదు. గోడకు చెంప ఆనించి, రెండు చేతులతో కర్రను పట్టుకుని అలాగే నిలబడ్డారు. ప్రణతి దగ్గరికి వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "నాన్నా, ఇట్స్ ఓకే. నిలబడింది. వదిలెయ్యొచ్చు."

"ఇంకాసేపు ఉండనీ అమ్మా" అన్నారాయన.

ఎవ్వరం ఆయనను తొందరపెట్టలేదు. కాలిన్ కారవాన్‌లోకి వెళ్ళి అందరికీ టీ పెట్టాడు.

పై ఏడు యాత్రను ఎవరు నడిపిస్తారని చాలామంది అడుగుతున్నారు. దారి రఘు చూస్తాడు, ప్లాన్లు వేరొకరు సరిచూస్తారు, వంట నేను చూసుకుంటాను. ఆమె పనులను మేము పంచుకోగలం. ఆమెను ఎవరం భర్తీ చేయలేం. ఒక మనిషి దగ్గరకు ఏమి తీసుకెళ్ళాలన్నది అందరికీ తెలుసు. ఏమి అడగాలన్నది తెలిసినవారు నా జీవితంలో ఒక్కరే తటస్థపడ్డారు. ఆ మహనీయురాలి తోడికోడలిగా, ఆమె వెనక సైకిలు తొక్కినదానిగా, ఆమె పాదాలకు నమస్కరిస్తున్నాను.