నాలుగు వేళ్ళ వెడల్పు

బొమ్మ తీసుకువెళ్ళడానికి వచ్చిన ఆ సాయంత్రం చిత్రకారిణి నిజంగానే గమనించలేదా, గమనించీ ఊరుకుందా? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు ఇప్పటికీ తేలలేదు. మేస్త్రి మాత్రం ముప్పై ఏళ్ళూ, గమనించలేదనే నమ్ముతూ వచ్చాడు. అలా నమ్మితేనే అతనికి అన్నం సయించేది.

అతని పని బొమ్మలకు ఫ్రేములు కట్టడం. మూల కలిపాడంటే మధ్యలో వెంట్రుక దూరదు. అంతటివాడు ఒకరోజు పైచెక్కనీ కిందిచెక్కనీ బొమ్మ వెడల్పును లోపలి అంచుకు బదులు బయటి అంచుకు లెక్కగట్టి కోసేశాడు. రెండు పక్కలా రెండేసి వేళ్ళు, మొత్తం నాలుగు వేళ్ళు ఫ్రేము ఇరుకైపోయింది. అలాంటి చెక్క మళ్ళీ రావాలంటే వారం పడుతుంది. చిత్రకారిణేమో సాయంత్రానికే వస్తానంది. "పొరపాటైందమ్మా" అనడానికి నోరు రాక, బొమ్మనే ఫ్రేముకు సరిపెట్టాడు.

అందులో కుర్చీలో కూర్చున్న ఒక తల్లి. కుడి అంచున తలుపు చాటు నుంచి ఒక పిల్ల, చెయ్యి చాచి కుర్చీ వీపు పట్టుకుని, సగం మొహంతో తొంగిచూస్తోంది. అంచునున్న పిల్లే కదా అనుకున్నాడు. ఆ అంచున బొమ్మ వేసిన గుడ్డ కత్తిరించి, అది బిగించిన వెనక చెక్క కురచ చేసి, మేకులు కొట్టేశాడు. పిల్ల పోయింది, కుర్చీ మీద వేళ్ళు మిగిలాయి. ఆమె వచ్చి చాలాసేపు చూసి, "ఫ్రేము బాగా కుదిరింది మేస్త్రీ" అని పట్టుకెళ్ళింది.

ఇప్పుడా బొమ్మ పెద్ద గ్యాలరీకి ఎక్కింది. జనం విరగబడి చూస్తున్నారనీ, చిత్రకారిణి కూడా అక్కడే ఉంటోందనీ విని, ఈసారైనా ఆమెతో నిజం చెప్పేయాలని భార్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు మేస్త్రి.

"ఇదేం తోపులాటయ్యా! లోపలేమైనా ఊరికే పంచుతున్నారా?" అంది భార్య క్యూలో.

"మెల్లిగా మాట్లాడవే."

"ఎందుకూ, బొమ్మలు నిద్ర లేస్తాయా?"

లోపల అన్నిటికన్నా ఆ బొమ్మ ముందే జనం. వివరించే అమ్మాయి చెయ్యెత్తి చూపిస్తోంది. "ఈ వేళ్ళు గమనించండి. మనిషిని దాచేసి వేళ్ళొక్కటే చూపించారు. ఇంత తెగువ ఇంకెవరికుంటుంది?"

అందరూ తలలూపారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే భార్య గొంతెత్తింది. "ఆ ఫ్రేము కట్టింది మా ఆయనేనండీ!"

జనం ఇటు తిరిగారు. ఎవరో చెయ్యి పట్టుకుని ఊపారు కూడా.

"ఊరుకోవే" అన్నాడు.

"ఏం, సిగ్గుపడటానికి దొంగపని చేశావా?"

అతను భార్యను పక్కకు లాగబోయాడు.

"మేస్త్రీ! మీరేనా? రండి రండి!" పక్కనే కుర్చీలో కూర్చున్న చిత్రకారిణి పిలిచింది. జుట్టంతా తెల్లబడింది. అతను దగ్గరికెళ్ళేసరికి ఎవరో ఆమెను అడుగుతున్నారు, ఆ వేళ్ళు ఎవరివని.

"మా చెల్లెలివి. ఆ మరుసటేడే పోయింది. దాని బొమ్మ ఇంకోటి వెయ్యలేదు నేను. ఒక్కచోట కుదురుగా నిలబడితేగా, భడవ!" అని నవ్వింది.

కోసిన ముక్కతో ఆ రోజు జిగురు కుంచె తుడిచి చెత్తలో పడేశాడు మేస్త్రి. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, ఆ బొమ్మ..."

"చెప్పండి మేస్త్రీ."

ఆమె అతని కళ్ళలోకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే చెప్పేసేవాడేమో. ఇంతలో ఎవరో సంతకానికి పుస్తకం చాపారు.

"కాసేపుండండి. ఈ జనం తగ్గాక తీరిగ్గా మాట్లాడుకుందాం. వెళ్ళిపోరుగా?"

ఉంటానని తల ఊపాడు. ఆమె సంతకానికి వంగగానే భార్య మోచెయ్యి పట్టుకున్నాడు.

"అప్పుడేనా! వెళ్ళొస్తామని ఆవిడకి చెప్పొద్దా?"

"చెప్పాను. పద."

భార్య నమ్మింది. లోపలికి తోసుకొస్తున్న జనానికి ఎదురు నడుస్తూ, మళ్ళీ ఆ వైపు తల తిప్పకుండా, మేస్త్రి బయటికి వెళ్ళిపోయాడు.