వంతెన అవతలి పాలు

1981 వసంతంలో కాన్సస్ తూర్పు భాగాన ఒక పల్లెటూరి కౌంటీకి రోడ్ల ఇంజనీరుగా చేరాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే గాని, జనం మన మండలానికి కూడా చాలరు. పాలించేది ఎన్నికైన ముగ్గురు కమిషనర్లు. సోమవారం ఉదయం కోర్టుహౌస్ మేడమీద సమావేశమవుతారు. కోర్టు, పన్నుల ఆఫీసు, షెరీఫు పోలీసు ఠాణా, నా గది అన్నీ ఆ భవనంలోనే. నన్ను ఉద్యోగంలోంచి తీసేసే అధికారం కమిషనర్లది. ప్రమాదకరమైన వంతెనను మూసేసే అధికారం మాత్రం నాది.

కౌంటీని ఒక ఏరు నిలువునా చీలుస్తుంది. దాని మీది చెక్క వంతెనను తనిఖీ చేస్తూ నీళ్లలోని గుంజలను సుత్తితో కొట్టి చూశాను. లోపల పుచ్చిపోయి డొల్లగా మోగాయి. ఆ రోజే అడ్డుబోర్డు పెట్టించాను.

అవతలి ఒడ్డున ఉన్నది ఎర్ల్ అనే రైతు పాడి ఒక్కటే. పాల ట్యాంకరు రోజు విడిచి రోజు ఆ వంతెన మీదుగానే వచ్చేది. అది రాకపోతే పాలు పారబోయాల్సిందే. ఆవులు ఆగవు కదా!

కమిషనర్లు దేనిమీదైనా ఓటు వేసే ముందు ఎవరైనా లేచి మాట్లాడవచ్చునన్నది అక్కడి ఆచారం. సోమవారం ఎర్ల్ టోపీ చేత్తో పట్టుకుని లేచాడు.

“ఆ వంతెన మీద మా నాన్న కాలం నుంచీ తిరుగుతున్నాం. ఈయన వచ్చాక పాలన్నీ కాలవలో పోశాను. ఇలాగైతే మందను అమ్ముకోవాలి.”

వేసవి దాకా చూసీచూడనట్టు ఊరుకోరాదా అని కమిషనర్ల ఛైర్మన్ నన్నడిగాడు. ఒళ్లు మండింది. ట్యాంకరు డ్రైవరు ఏట్లో పడితే మీరు బాధ్యత వహిస్తారా అన్నాను. అడ్డుబోర్డు తీయలేదు.

మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ మా ఆవిడ సుశీల ఊరుకోలేదు. “మూసేశారు, సరే. ఆ పాలేం కావాలండీ, పాపం? ఇంకో రోడ్డేదీ లేదా? ఒకసారి డ్రైవ్ చేసి చూడరాదూ!”

విసుక్కుంటూనే వెళ్లాను. పొరుగు కౌంటీ వైపు నుంచి ఎర్ల్ ఇంటికి మట్టిరోడ్డు ఉంది గాని, మధ్యలో మోకాలి లోతు చక్రాల గుంతలు. కింది బ్లేడుతో రోడ్డు చదును చేసే మా గ్రేడరు ఎర్ల్ వాకిట్లో వెనక్కి తిరిగేది. పొరుగు కౌంటీ గ్రేడరు వాళ్ల ఆఖరి ఇంటి దగ్గరే వెనక్కి తిరిగేది. సరిహద్దు ఉన్న ఆ నడిమి ముక్కను ఎవరూ ముట్టుకునేవారు కాదు. వంతెన మూసేశాక మా గ్రేడరు ఏరు దాటే వీల్లేదు.

పొరుగు ఇంజనీరుకు ఫోన్ చేశాను. తమ యంత్రం మా నేల మీద పని చేయాలంటే రెండు కౌంటీల కమిషనర్లూ తీర్మానించాలనీ, నెల పడుతుందనీ అన్నాడు. పాలు నెల ఆగుతాయా!

“మీ ఆఖరి ఇంటి దగ్గర అంతా బురద. ఎర్ల్ వాకిలి విశాలంగా ఉంది, అక్కడ తిప్పుకోమనండి. తిరగడానికి తీర్మానం అక్కర్లేదుగా?” అన్నాను.

 అతను పగలబడి నవ్వాడు. “బ్లేడు ఎత్తి రమ్మంటారా, దించి రమ్మంటారా?”

“అది మీ డ్రైవరు ఇష్టం.”

మర్నాడు వాళ్ల గ్రేడరు బ్లేడు దించే వచ్చింది, దారిలోని గుంతలన్నీ చదునయ్యాయి. ఆ వెనకే చుట్టుదారిన ట్యాంకరు వచ్చింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. మరుసటి సోమవారం ఎర్ల్ మళ్లీ లేచాడు. పాలు ట్యాంకరులో వెళ్తున్నాయి సరే, వంతెన ఎప్పుడు కడతారని నిలదీశాడు. థాంక్స్ మాటే లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

వంతెన మూసేయడంతో నా పని అయిపోయిందనుకున్నాను. అది సగం పని. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏ వంతెనకు అడ్డుబోర్డు పెట్టాల్సి వచ్చినా, అవతలి వాళ్ల ఇంటికి వేరే దారిన ముందు నేనే కారులో వెళ్లి వచ్చేవాణ్ణి.