కిటికీ బయటి మోచెయ్యి

మట్టెవాడలో మేం అద్దెకున్న ఇంటి యజమాని బట్టల వ్యాపారి. ఏడుగురు పట్టే పెద్ద కారు కొన్న కొన్నాళ్లకే ఆయన కుడి మోచెయ్యి కిటికీ బయటపెట్టి నడపడం మొదలుపెట్టాడు. ఎండైనా అంతే, వానైనా అంతే. అది దర్జా అనుకున్నాను. నిజానికి డ్రైవరు వైపు అద్దం ఒకసారి దిగితే మళ్లీ పైకి వచ్చేది కాదు. హారన్ దానంతట అదే మోగేది. ఇంటిముందు ఆపి తాళం వేసి వచ్చాక లైట్లు వెలిగేవి.

ఎవరడిగినా ఆయనది ఒకటే మాట: "బండికేంది, మస్తుగున్నది."

అనక తప్పదు. ఆయన మాట మీదే బావమరిది కూడా అదే రకం కారు కొన్నాడు. అత్తగారి వైపు మాట పోతే ఆయనకు తల తీసేసినట్టే.

ఒక వానాకాలం పొద్దున నన్ను తోడు తీసుకుని హనుమకొండలోని సర్వీసు సెంటరుకు బయల్దేరాడు. అక్కడికి చేరేసరికి ఆయన చొక్కా కుడిచెయ్యి భుజం దాకా తడిసి ముద్దయింది. లోపల కుర్చీలో బావమరిది కూర్చుని ఉన్నాడు.

"ఏం బామ్మర్ది, ఇట్లొచ్చినవ్?"

"ఏం లేదు బావా, బండి జర కడిగిద్దామని."

"నేను గూడ గందుకే వచ్చిన."

బయట వాన దంచికొడుతోంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దాన్నే చూస్తున్నారు. బావమరిది చొక్కా కూడా కుడిచెయ్యి ఒక్కటే భుజం దాకా తడిసి ఉంది. మా యజమాని చూపు కాసేపు దాని మీదే ఆగింది.

"బండి మంచిగున్నదా?" అని మెల్లగా అడిగాడు.

"బండికేంది బావా, మస్తుగున్నది."