ఎర్ర రింగుల జోడీ

ఇందిరమ్మ మరిది నరేష్‌కు తెలియని సంగతి లోకంలో లేదు. ఈ మాట అందరికీ చెప్పేవాడు కూడా నరేషే. పటాన్‌చెరులో ఏదో కంపెనీలో సూపర్‌వైజర్, అక్కడే కిరాయి ఇంట్లో కాపురం. ఆదివారం ఆదివారం బండి వేసుకుని సొంతూరు లక్డారం వస్తాడు. తల్లిని పలకరించి, వదిన వండిన కోడికూర తిని, వాకిట్లో పావురాల గూళ్ల ముందు ఫోన్ పట్టుకుని నిలబడతాడు. సాయంత్రానికి అతని స్టేటస్‌లో రెండు పావురాలు ముక్కులు కలిపి కనబడతాయి. కింద ఒక నీతివాక్యం: మనుషుల కన్నా పక్షులే నయం. పావురాల రెట్ట ఎత్తే చేతులు మాత్రం ఆ ఫొటోల్లో ఎన్నడూ పడలేదు.

ఆ చేతులు ఇందిరమ్మవి. పావురాలు ఆమె పెనిమిటి కొమురయ్యవి. బొల్లారంలో మందుల కంపెనీకి షిఫ్టులు పోతూ, మిగిలిన ప్రాణమంతా ఆ గూళ్ల మీదే పెట్టుకున్న మనిషి. నాలుగేళ్ల కింద ముంబై రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. పిల్లలు లేరు. దినం నాడే నరేష్ తీర్పు చెప్పేశాడు: "అన్న యాదికి పావురాలను గిట్లనే ఉంచాలె వదినె." ఉంచడమంటే ఏమిటో తెలిస్తే కదా! పొద్దున్నే లేచి జొన్నలు పోయాలి, గూళ్లు కడగాలి, పిల్లిని కాయాలి. తర్వాత అత్త లక్ష్మీనరసమ్మకు మందులు. ఆపైన బొల్లారంలో ఆ మందుల కంపెనీ క్యాంటీన్‌లోనే మూడు వందల రొట్టెలు. యాది అతనిది, చాకిరీ ఈమెది.

కొమురయ్యకు ఒక పద్ధతి ఉండేది. జోడీ కట్టిన రెండు పావురాల కాళ్లకు ఒకే రంగు రింగులు వేసేవాడు. దూరం నుంచి చూసినా దేనికేది జతో తెలిసిపోవాలి. అన్నిటిలోకీ అతను మురిసిపోయేది ఎర్ర రింగుల జోడీని చూసే. తెల్లటి ఆడది, బూడిద రంగు మగది.

పోయిన ఏడు వానాకాలంలో ఆ మగదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. ఆడది మూలకు ముడుచుకుని కూర్చుంది, గింజ ముట్టలేదు. ఇందిరమ్మ అరచేతిలో జొన్నలు పెట్టి చాపినా తల తిప్పుకుంది. మంచంలో కూర్చున్న అత్తే చివరికి ఆగలేకపోయింది. "ఒక్కదాన్నే గట్ల ఉంచుతరానే? పాపం తగుల్తది. జోడీ కట్టు" అంది.

ఇందిరమ్మ ఇంకో బూడిద రంగు మగదాన్ని తెచ్చి, రెండింటినీ ఒక పెట్టెలో, మధ్యలో జాలీ అడ్డం పెట్టి ఉంచింది. మొదట తెల్లది వీపు తిప్పుకుంది. తర్వాత ఓరగా చూసింది. ఇంకో రెండు రోజులకు జాలీలోంచి ముక్కు చాపింది. జాలీ తీసేసి, పద్ధతి తప్పకుండా కొత్తదాని కాలికి ఎర్ర రింగు వేసింది ఇందిరమ్మ. గద్ద వచ్చిన నాటి నుంచి లెక్కపెడితే మొత్తం పదకొండు రోజులు. ఏడాదిలో ఆ జోడీ మూడుసార్లు గుడ్లు పొదిగి పిల్లలను లేపింది. నరేష్ వారం వారం ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. రింగు చూశాడు గానీ పక్షిని చూడలేదు.

ఇక చిన్నరాములు సంగతి. కంపెనీ బస్సు డ్రైవరు, హత్నూర మనిషి, భార్య పోయి ఆరేళ్లు. ఇందిరమ్మ ఆలస్యమైతే హారన్ కొట్టకుండా బస్సు ఆపి కూర్చుంటాడు. అతనికి చేతనైన సరసం అంతే. ఒకనాడు ఆమె కొంగుకు అంటుకున్న ఈకను చూసి వెనక్కి జంకాడు. "నాకు పావురాలంటే భయం. చిన్నప్పుడొకటి నెత్తి మీద వాలింది" అన్నాడు. అంత బస్సు తోలేవాడికి ఇంత పక్షి అంటే భయమా అని ఇందిరమ్మ బొల్లారం దాకా నవ్వుతూనే ఉంది.

రెండు నెలల తర్వాత అతను పెళ్లి మాట అడిగాడు, నరేష్‌కూ మర్యాదగా కబురు పెట్టాడు. ఇందిరమ్మకు సరే అనాలనే ఉంది. అత్తను వెంట తీసుకొస్తానంటే అతను కాదనలేదు కూడా. కానీ అత్త వద్దంటే మాత్రం చేసుకోదు. ఆ ముసలామె ముందు ఆ మాట ఎత్తడానికే నోరు రాలేదు.

ఆదివారం నరేష్ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని దిగాడు. వాకిట్లో కుర్చీలు వేయించి, గొంతు సవరించుకున్నాడు.

"బస్సు డ్రైవరు వదినెను పెండ్లి చేసుకుంటనని కబురు పెట్టిండు. మా అన్న ఇజ్జత్ ఏం గావాలె? మనిషి పుట్టుక పుట్టి పక్షి పాటి నీతి లేకపోతె ఎట్ల? గా ఎర్ర రింగుల జోడీని సూడుండ్రి. మా అన్న కట్టింది. ఎన్నేండ్లాయె, ఒకదాన్నొకటి ఇడిసినయా? ఒకటి సస్తె ఇంకోటి గింజ ముట్టక సస్తది గని, ఇంకోదాని దిక్కు సూడది. పావురం జాతే అంత!"

పెద్దమనుషులు తలలూపారు. ఆ పని వాళ్లకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. ఒకాయన పావురం శీలానికి కరిగిపోయి తువ్వాలతో కళ్లు కూడా ఒత్తుకున్నాడు.

ఇందిరమ్మకు ఒళ్లు మండిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే జోడీ కట్టమన్న అత్తను నలుగురిలో ఇరికించినట్టవుతుందని పళ్లు బిగబట్టుకుంది.

మంచంలోంచి లక్ష్మీనరసమ్మ పిలిచింది. "ఒరేయ్ నరేషూ, గది మీ అన్న కట్టిన మగది కాదురా."

"ఏందమ్మా?"

"దాన్ని గద్ద ఎత్కపోయి ఏడాదాయె. గిది రెండోది. నేనే కట్టమన్న. వారం వారం ఫొటో తీస్తవు, దాని మొఖం ఎన్నడన్న సూసినవా?"

నరేష్ ఫోన్ తీసి పాత ఫొటోలు వెతికాడు. ముందటి దాని రెక్క మీద నల్లచార ఉంది. ఇప్పటి దానికి లేదు. ఫోన్ మెల్లగా జేబులో పెట్టుకుని, "పక్షి సంగతి వేరు, మనిషి సంగతి వేరు" అన్నాడు. అప్పటిదాకా రెండూ ఒకటేనన్న నోటితోనే అన్నాడు, కొంచెమైనా సిగ్గుపడకుండా.

"అవు, వేరే" అంది తల్లి. "గందుకే పక్షి ఒక్కటే కూసుంటె పది దినాలు సూడలేకపోయిన. కోడలు నాలుగేండ్ల సంది నా కండ్ల ముందట ఒక్కతే బువ్వ తింటుంటె, నోరు మూస్కొని ఆమె పెట్టింది తిన్న."

పెద్దమనుషులు చెప్పులు వెతుక్కున్నారు. ఇందిరమ్మ గూళ్ల వైపు తిరిగి నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బండి ఎక్కబోతున్న కొడుకును లక్ష్మీనరసమ్మ మళ్లీ పిలిచింది. "అన్న యాది గద బిడ్డా, పావురాలను నీ కిరాయింటికి కొంచపో. రెట్ట రోజూ ఎత్తాలె, మర్సిపోకు." ఆ సాయంత్రం నరేష్ స్టేటస్‌లో ఏ నీతీ రాలేదు.

బండి చప్పుడు పోయాక అత్త, "ఇందిరా, గా డ్రైవరును రేపు బువ్వకు రమ్మను. గూళ్లు మూసినంక రమ్మను, పావురాలంటే భయపడ్తడు గద" అంది.

"నీకెవలు చెప్పిండ్రత్తా?"

"నువ్వే. బస్సు తోలేటాయన పావురానికి భయపడ్డడని ఇంటికొచ్చినంక గూడ నవ్వుకుంటనే ఉంటివి. నువ్వు నవ్వంగ ఎన్నేండ్లకు సూసిననో అని గప్పుడే యాది పెట్టుకున్న."