లేనోళ్ల పిల్లలు లేవండన్న రోజు

హైదరాబాద్ ఛత్రినాక బడిల పంతులమ్మగా చేరిన మొదటేడు, లేనోళ్ల పిల్లలకని సర్కారు మా బడికి పుస్తకాలు, బట్టలు పంపింది. ఎవరికియ్యాల్నో పేర్లు రాసియ్యమని పెద్దసారు నాకు చెప్పిండు. నాకంత తెలివి లేకపాయె. నాలుగో తరగతికి పోయి, "లేనోళ్ల పిల్లలు లేచి నిలబడుండ్రి" అన్న.

ఎవ్వరూ లేవలె. ఉస్మాన్‌గంజ్‌ల మూటలు మోసే హమాలీ బిడ్డ ఒకతె ఉండె, లెక్కల్ల మస్తు హుషారు. ఆమె దిక్కు చూసి, "నువ్వు లేవవేందే?" అన్న. తల వంచుకొని లేచింది. వెనక ఎవరో నవ్విండ్రు.

తెల్లారి నుంచి ఆమె బడికి రాలె. వారం చూసి, పుస్తకాలు, బట్టలు పట్టుకొని వాళ్లింటికి పోయిన. తల్లి గడపల కూసోని బియ్యం ఏరుతున్నది. నన్ను చూడంగనే పిల్ల లోపలికి పోయింది.

"పిల్లను బడికి పంపు, అక్కా" అన్న.

"మేం లేనోళ్లమని మాకు ఎరుకనే, పంతులమ్మా. అందరి ముంగట దానితోటి ఒప్పియ్యాల్నా?" అన్నది. కోపంగ గాదు, మెల్లగనే అన్నది.

తప్పయిందన్న. తల్లి అవి తీసుకున్నది గని, పిల్ల మల్ల రాలె. ఆ తర్వాత ప్రతి ఏడూ ఇంటింటికి పోయి, తల్లుల నడిగి పేర్లు రాసిన. దానితోటి ఆ పిల్లకు మాత్రం ఏం ఒరగలె.