చర్చిలో కాపురాలు కూడవన్నాను

నేను అబద్ధాలకోరును కాను. నన్నెరిగినవాళ్లలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. అందుకేనేమో, ఆడిన ఒక్క అబద్ధం ఇన్నేళ్లుగా నన్ను లోపల్లోపల తొలుస్తూనే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. కాబట్టి మీకైతే చెప్పగలను.

సియాటిల్ దగ్గర మేముండే వీధి చివర ఒక పాత చర్చి ఉండేది. చెక్క గోపురం, రంగు అద్దాల కిటికీలు. ఆదివారం ప్రార్థనకు వచ్చేవాళ్లు పట్టుమని ఇరవైమంది కూడా ఉండేవారు కాదు. వాళ్లూ, వాళ్ల పాస్టరూ ఆలోచించి, గోడలూ కిటికీలూ అలాగే ఉంచి, లోపల చిన్న చిన్న అపార్ట్‌మెంట్లు కట్టించి తక్కువ జీతాలవాళ్లకు అద్దెకివ్వాలనుకున్నారు. మా వీధిలో ఎవరికీ నచ్చలేదు. నాకైతే అసలే నచ్చలేదు. అలాంటివాళ్ల పిల్లలొస్తే మా స్కూలు పేరు చెడుతుందని గుసగుసలాడుకున్నాం గానీ, ఆ మాట నలుగురిలో అనడానికి బాగోదు కదా!

ఆ చర్చి కింది హాల్లోనే ఆదివారం మధ్యాహ్నాలు మన పిల్లలకు తెలుగు క్లాసులు జరిగేవి. చెప్పేది సుజాత. భర్త నుంచి విడిపోయి, కూతురితో ఎవరింట్లోనో బేస్‌మెంట్‌లో ఉండేది. మిగతా రోజుల్లో డేకేర్‌లో పని. మా అబ్బాయి చేత అక్షరాలు దిద్దించింది ఆమే. చర్చిలో తనకూ ఒక అపార్ట్‌మెంట్ వస్తుందని ఆమె గంపెడాశ పెట్టుకుంది. ఆ కట్టడానికి అనుమతివ్వాలా వద్దా అని సిటీ కౌన్సిల్ హియరింగ్ పెట్టిన రోజున తనకు సెలవు దొరకలేదు. నన్ను వెళ్లి తమ తరఫున రెండు ముక్కలు చెప్పమంది. సరేనన్నాను.

వెళ్లాను. టై కట్టుకుని మరీ వెళ్లాను. మైకు ముందు నిలబడి, మా హిందూ సంప్రదాయంలో దేవుడున్న చోట కాపురాలు పెట్టరని, ప్రార్థన జరిగిన చోట వంటలూ పడకలూ తగవని, మీ దేవుడి ఇంటిని కూడా మేం అంతే గౌరవిస్తామని చెప్పాను. ఏ సంప్రదాయం? మా తాతగారు అర్చకులు. గుడి ప్రాకారం లోపలే ఆయన ఇల్లు. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. హాలంతా చప్పట్లు. పాస్టర్ ఒక్కడే తల దించుకుని కూర్చున్నాడు. పరాయి మతంవాడే ఇంత బాధపడుతుంటే మనకేమైందని ఒక కౌన్సిల్ సభ్యుడు నా మాటనే ఎత్తి చూపాడు. అనుమతి రాలేదు.

ఊరు వదిలి వెళ్లే ముందు సుజాత కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. డబ్బా నిండా సున్నుండలు తెచ్చింది.

"మీరు చాలా బాగా మాట్లాడారట కదా అన్నయ్యగారూ, అందరూ క్లాప్స్ కొట్టారట. అయినా అప్రూవ్ అవలేదంటే మా లక్ అంతే."

"ట్రై చేశానమ్మా."

"అంకుల్‌కి థాంక్స్ చెప్పు" అంది కూతురితో. ఆ పిల్ల చెప్పింది.

తర్వాత చర్చిని ఎవరో కొని, పడగొట్టి, పెద్ద పెద్ద ఇళ్లు కట్టారు. దేవుడి ఇల్లు కూలుతుంటే మా వీధిలో ఎవరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

ఎందుకు చేశాను? ముక్కూ మొహం తెలియని పేదవాళ్లు వస్తారని భయపడ్డానా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. సుజాత మా పిల్లాడికి చదువు చెబితే సంతోషం, అదే సుజాత మా వీధిలో కాపురముంటే నామోషీ. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

సుజాతా, ఆ ఇల్లు నీకు రాకుండా చేసింది నీ లక్ కాదు, నేను. క్షమించమని అడగడం లేదు. ఆ సున్నుండలు కూడా తిన్నాను. ఇదంతా రాశాక ఇవాళ మనసు తేలిగ్గా ఉంది. అలా ఉండటం న్యాయం కాదని తెలిసినా, తేలిగ్గానే ఉంది.